తెంపకూడని నూడుల్స్

దారాల్లాంటి ఆ నూడుల్స్‌కు ఓపిక తక్కువ. మరిగే నీళ్ళలో వేసి ఇటు తిరిగి అటు తిరిగేలోగా దించెయ్యాలి. దించాక తినేవాడు ఎదురుగా ఉండాలి. కాస్త ఆలస్యమైతే గిన్నెలో పులుసంతా అవే తాగేసి, ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని జావైపోతాయి. అందుకే ఎవరెంత తొందరపెట్టినా మనిషి కంటికి కనబడేదాకా సోజింగ్ నూడుల్స్ కట్ట విప్పదు.

"మీ వాడు గోడ దాటాడని నువ్వు చెప్పు, నేను వేస్తా. అప్పటిదాకా ఆ స్టూలు మీద కూర్చోక్కా. నిన్ను చూస్తుంటే నాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి" అంది సోజింగ్.

గ్వేహా కూర్చోలేదు. రేవు పట్టణం కావోస్యుంగ్ నుంచి వచ్చే మొదటి బస్సుకే దిగింది. అప్పటి నుంచి రేకుల కప్పు కింద ఒక కొస నుంచి ఇంకో కొసకు నడుస్తూనే ఉంది. రోడ్డుకు అవతల జైలు గోడ. ఇవతల సోజింగ్ కొట్టు. ఆ గోడ లోపల నుంచి ఇవాళ ఆమె కొడుకు హోంగ్ బయటికొస్తాడు. వచ్చినవాడికి పందికాలి నూడుల్స్ తినిపించి, మధ్యాహ్నం బస్సుకు ఇంటికి తీసుకుపోవాలి. ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు. ఆ ఒక్కటీ జరుగుతుందా అన్నదే రాత్రంతా ఆమెను నిద్రపోనివ్వలేదు.

కొట్టు మామూలుగానే నడుస్తోంది. పెద్ద కుండలో పందికాళ్ళు సోయా పులుసులో, బెల్లంలో, బియ్యపు సారాలో ఉడికి ఉడికి ముదురు గోధుమరంగుకు తిరిగాయి. మూత తీసినప్పుడల్లా అనాసపువ్వు వాసన రోడ్డు దాకా వెళ్తోంది. పక్క కళాయిలో కొవ్వులో చిన్నుల్లి ముక్కలు చిటపటమంటున్నాయి. డ్యూటీ దిగిన వార్డరొకడు పొడి నూడుల్స్ మీద వెల్లుల్లి నీళ్ళు పోసుకుని, తల ఎత్తకుండా తింటున్నాడు. ఇంకో బల్ల దగ్గర లారీ డ్రైవరు చేప ఉండల సూపు ఊదుకుంటూ తాగుతున్నాడు.

ఆ కొట్టులో రెండు రకాల గిన్నెలు ఉంటాయి. దారిన పోయేవాళ్ళకు మామూలు గిన్నె. గోడ దాటి వచ్చినవాళ్ళకు వేరే గిన్నె: అందులో కాలు ముక్కలు చెయ్యరు, గుడ్డు కొయ్యరు, నూడుల్స్ తెంపరు. మొదటి పోగును తినేవాడు కూడా కొరకకూడదు. పట్టిన దురదృష్టం ఆ పోగుతో పాటు కడుపులోకి పోయి అరిగిపోవాలి. తెంపితే సగం బయటే ఉండిపోతుందట.

లారీ డ్రైవరు మూతి తుడుచుకుని లేచాడు. "ఏ కొట్టుకు పోయినా మళ్ళీ రండి అంటారు. నువ్వొక్కదానివే పిన్నీ, పొమ్మన్నట్టు చూస్తావు."

"ఇక్కడ మళ్ళీ రమ్మంటే దీవెన కాదురా, శాపం. తిన్నావుగా, పో."

"లారీ నడుపుకునేవాణ్ణి, నాకేం శాపం?"

"నోటికి అలవాటు తప్పితే రేపు ఎవడితోనో అనేస్తాను. అందుకే నీక్కూడా అనను."

డ్రైవరు నవ్వుతూ వెళ్ళిపోయాడు. గ్వేహా నవ్వలేకపోయింది. సోజింగ్ ఆమెకు కొత్త మనిషి కాదు. ములాకాతు రోజుల్లో వచ్చి, ఏమీ తినకుండా ఈ కొట్టులోనే బస్సు కోసం కూర్చునేది. మొదట్లో హోంగ్ అద్దం వెనక కూర్చుని ఫోనులో మాట్లాడేవాడు. సమయం అయిపోగానే మాట మధ్యలోనే ఫోను ఆగిపోయేది. అద్దం వెనక నోరు కదులుతూ ఉండేది, మాట వినపడేది కాదు. ఒకరోజు వాడన్నాడు: "ఇంక రావద్దమ్మా. వెళ్ళేటప్పుడు నువ్వు నడిచే తీరు నేను చూళ్ళేను." ఆ తర్వాత ఆమె వచ్చినా వాడు అద్దం దగ్గరికి రాలేదు. అదే ఆఖరి ములాకాతు; అందులో ఆమె వాడికి చెప్పింది ఒక్కటే. "బయటికొచ్చే రోజు ఎవరు పిలిచినా వెనక్కి తిరిగి చూడకురా. చూస్తే మళ్ళీ ఇక్కడికే వస్తావు." ఆ మాట మధ్యలో ఫోను ఆగలేదు. అది ఆమెకు బాగా గుర్తు.

అప్పుడే నల్లకారొకటి వచ్చి కొట్టు పక్కన ఆగింది. నలుగురు దిగారు. ముందు దిగినవాణ్ణి చూడగానే గ్వేహా నడక ఆగిపోయింది. ఒళ్ళు చేశాడు, జుట్టు పలచబడింది, అయినా వాడే. చ్వా. రేవులో అందరూ చ్వా అన్న అంటారు. అతని మనుషులు చేపల వ్యాపారినొకణ్ణి కొట్టి కన్ను పోగొట్టినప్పుడు కారు నడిపింది హోంగ్. శిక్ష పడ్డవాళ్ళలో అందరికంటే చిన్నవాడు. కొట్టించిన చ్వా మాత్రం ఏ బోనూ ఎక్కలేదు.

"పిన్నీ, ముందరి కాలు మంచిది చూసి ఒకటి అట్టే పెట్టు. మా తమ్ముడు వస్తున్నాడు" అన్నాడు చ్వా. అతని మనుషుల్లో ఒకడు డిక్కీలోంచి రేకు పళ్ళెం తీసి అందులో బొగ్గులు పోసి అగ్గి రాజేశాడు. వచ్చినవాడు దాన్ని దాటి, పట్టిన దురదృష్టాన్ని వదిలించుకోవడానికి. వీళ్ళకు ఇదంతా అలవాటే. ఎవరు విడుదలైనా ఇలాగే వచ్చి ఇలాగే తీసుకుపోతారు.

చ్వా ఆమెను చూశాడు. వెంటనే నోట్లోని తాంబూలం పక్కన ఊసి, రెండు చేతులూ కలిపి వంగాడు.

"పెద్దమ్మా! మీరా. ఇంత దూరం ఒక్కరే వచ్చారా? చెబితే కారు పంపేవాణ్ణి కదా."

"నీ కారు నాకెందుకు నాయనా."

"అదేం మాట. హోంగ్ నా తమ్ముడు. వాడికి గది చూశాను. ఫోను కొన్నాను. రేవులో హోటల్లో విందు కూడా చెప్పాను, అందరూ అక్కడే కూర్చున్నారు."

"వాడికి ఇల్లుంది."

"ఉంది, ఎవరు కాదన్నారు? వాన పడితే బకెట్లు పెట్టుకునే ఇల్లు. ఇన్నాళ్ళు అక్కడ నలిగి వచ్చినవాణ్ణి మళ్ళీ అందులో పడుకోబెడతారా?"

గ్వేహా అతని దగ్గరికి జరిగింది. "నా కొడుకును నాకు వదిలెయ్ బాబూ. నీకు మనుషులు బోలెడు మంది. నాకు వీడొక్కడే."

చ్వా నవ్వలేదు, కోప్పడలేదు. మెల్లిగా అన్నాడు: "పెద్దమ్మా, మిమ్మల్ని రావద్దన్నాడంట కదా. నన్ను ఒక్కసారి కూడా రావద్దనలేదు."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది. అబద్ధమైతే బాగుండును. అబద్ధం కాదని అతని ముఖం చూస్తేనే తెలుస్తోంది. వార్డరు గిన్నె వదిలేసి, ఎవరి వైపూ చూడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళి సోజింగ్ చెయ్యి పట్టుకుంది. "చెల్లీ, నా గిన్నె ముందు పెట్టమ్మా. వాళ్ళది తర్వాత."

సోజింగ్ చిల్లుల గరిటెను కుండ అంచుకు తట్టింది. ముఖంలో ఏమీ లేదు. "అక్కా, మీ వాడు వచ్చి ముందు ఎవరి బల్ల దగ్గర కూర్చుంటే వాళ్ళ గిన్నె. నేనేం చెయ్యను? రేపు ఇంకొకడు బయటికొస్తాడు, వీళ్ళే వస్తారు. కొట్టు నడుపుకోవాలి కదా." గొంతు తగ్గించింది. "మా అత్త ఒకటనేది. బయటికొచ్చినవాడు మొదటి ముద్ద ఎవరి చేతిది తింటే ఆ గడపే తొక్కుతాడని. నిజమో కాదో నాకు తెలీదు."

నిజమో కాదో అన్న మాట గ్వేహా చెవిన పడలేదు. మొదటి ముద్ద అన్నదే పడింది. ఇక్కడ నిలబడితే ఓడిపోవడం ఖాయం. వీళ్ళు నలుగురు, గొంతులున్నవాళ్ళు, చేతులు చాచి పిలుస్తారు. తను ముందే వెళ్ళి గేటు దగ్గరే పట్టుకోవాలి. చెయ్యి పట్టుకుని, తన బల్ల దగ్గరికి తీసుకొచ్చి కూర్చోబెట్టాలి.

"ఎక్కడికక్కా? ఇక్కడే ఉండు! ఎటొచ్చినా ఇటే వస్తాడు!" అని సోజింగ్ అరుస్తూనే ఉంది. గ్వేహా అప్పటికే రోడ్డు దాటుతోంది. మోకాలు ప్రతి అడుగుకీ కలుక్కుమంటోంది.

పెద్ద గేటు దగ్గర కాపలావాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇవాళ విడుదలైన హోంగ్... లిమ్ హోంగ్..." ఊపిరి ఆడక ఆగిపోయింది.

"ఇటు పంపరమ్మా. ఆ చివర చిన్న తలుపుంది, అటు నుంచి. పంపేశారనుకుంటా ఇప్పుడే."

ఆమె గోడ పట్టుకుని నడిచింది. పరుగెత్తాననుకుంది, నడిచింది. గోడ మలుపు తిరిగేసరికి కనిపించాడు. చాలా ముందున్నాడు. వీపు కనిపిస్తోంది. చేతిలో గుడ్డసంచి. ఆ భుజాలు ఎక్కడున్నా పోలుస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఎడమ భుజం కాస్త కిందికి. అయితే లోపలికి పోయినప్పటి కంటే సన్నబడ్డాయి.

"హోంగ్!"

వాడి అడుగు తడబడింది. ఆ క్షణంలో ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కానీ వాడు తిరగలేదు. భుజాలు బిగబట్టి, తల ఇంకా కిందికి వంచి, ముందుకు నడిచాడు.

"ఒరేయ్ హోంగ్! నేనురా! అమ్మనురా!"

ఇంకా వేగంగా నడిచాడు. వాడికి అది వెనక నుంచి వచ్చే ఎవరిదో ఆడగొంతు. లోపల అందరూ వాడికి చెప్పి ఉంటారు, బయట అడుగు పెట్టాక వెనక నుంచి నీకు ఇష్టమైన గొంతులే వినిపిస్తాయి, నమ్మకు అని. వాళ్ళు చెప్పకపోయినా తను చెప్పింది. ఎవరు పిలిచినా. ఎవరు పిలిచినా అని తనే నొక్కి చెప్పింది. తల్లి మాట ఇన్నాళ్ళకు వింటున్నాడు కొడుకు. గ్వేహా గోడకు చేరబడిపోయింది. మళ్ళీ పిలవాలా? పిలిస్తే తిరుగుతాడేమో. తిరిగితే? నోరు తెరిచి, అరచేత్తో మూసుకుంది. అలా మూసుకునే మళ్ళీ నడక మొదలుపెట్టింది.

రోడ్డుకు అటు నుంచి మగగొంతులు లేచాయి. "తమ్ముడూ! ఇటు! ఇటు!" అవి ముందు నుంచి వచ్చిన పిలుపులు. ముందు నుంచి పిలిస్తే వెళ్ళొచ్చు. హోంగ్ పరుగెత్తాడు. బొగ్గుల పళ్ళెం దాటాడు. వాళ్ళ చేతుల మధ్యకు వెళ్ళిపోయాడు.

ఆమె కొట్టుకు చేరేసరికి వాడు జైలుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. ముందు గిన్నె. చుట్టూ నలుగురూ గుళ్ళో నిలబడ్డట్టు నిశ్శబ్దంగా నిలబడి ఉన్నారు. వాడి పెదవుల నుంచి గిన్నె దాకా ఒక పోగు వేలాడుతోంది. కొరక్కుండా, మెల్లిగా లోపలికి పీలుస్తున్నాడు. ఆమె బల్లకు ఎదురుగా వచ్చి నిలబడింది.

వాడు కళ్ళెత్తాడు.

కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరవడానికి లేదు. తెరిస్తే పోగు తెగుతుంది. తల్లిని చూస్తూ పీలుస్తూనే ఉన్నాడు. పోగు పొడుగు, ఎంతకూ అవ్వదు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి వేడి పులుసు ఆవిరికో, ఎందుకో. ఇద్దరి మధ్యా ఆ తెల్లదారం ఒక్కటే కదులుతోంది. చివరికి కొస కూడా లోపలికి వెళ్ళింది.

"తెగలేదు!" అన్నాడు చ్వా, చప్పట్లు కొడుతూ. "మంచి శకునం!"

హోంగ్ మింగాడు. "ఇందాక పిలిచింది నువ్వా?"

"నేనే."

"వెనక నుంచి పిలుస్తారా ఎవరైనా? ఎవరో చచ్చినవాళ్ళు పిలుస్తున్నారనుకున్నా. గుండె ఆగిపోయింది నాకు." గొంతు పెంచాడు, తర్వాత తగ్గించాడు. "నువ్వే కదా చెప్పావు తిరగొద్దని."

"నేనే చెప్పాను నాయనా. తప్పు లేదు. నువ్వు బాగా చేశావు."

సోజింగ్ రెండో గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇది తల్లి చెప్పిన గిన్నె. మాంసం ఎముకను వదిలి వణుకుతోంది. గుడ్డుకు ఎర్రరంగు పూసి ఉంది. హోంగ్ దాని వంక చూశాడు. చాప్‌స్టిక్స్ తియ్యలేదు.

"కొంచెం తిను. ఒక్క ముద్ద" అంది గ్వేహా. ఆమె గొంతు బిచ్చమడిగినట్టు ఉంది. తనకే వినిపించింది.

"కడుపు నిండిపోయిందమ్మా. లోపల చప్పటి గంజి తిని తిని, ఇంత కొవ్వు పడట్లేదు."

"నడు తమ్ముడూ, విందు దగ్గర అందరూ కూర్చున్నారు" అన్నాడు చ్వా, వాడి భుజం మీద చెయ్యేసి. ఆ చెయ్యి వెయ్యడంలో జోరేమీ లేదు. తన వస్తువు మీద తను చెయ్యేసినట్టు ఉంది.

"నేను రేపొస్తాను ఇంటికి" అన్నాడు హోంగ్ నేల చూస్తూ.

"రేపా?"

"రేపో, ఎల్లుండో. వీళ్ళు ఇంత దూరం వచ్చారు, ఇప్పుడు రానంటే ఎలా? నువ్వు బస్సుకు వెళ్ళిపో. ఎండ ముదరకముందే వెళ్ళు."

గిన్నెలో నూడుల్స్ అప్పటికే ఉబ్బడం మొదలైంది. సోజింగ్ వాటిని ఒక ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు చుట్టి, గ్వేహా చేతిలో పెట్టింది. సంచి వేడిగా ఉంది. వాళ్ళు కారు వైపు నడుస్తున్నారు. ఎవరూ ఎవరికీ వీడ్కోలు చెప్పరు ఆ చోట, చెప్పకూడదు; వీడ్కోలంటే మళ్ళీ కలుద్దామనడమే కదా. భర్త ఆసుపత్రిలో చనిపోయినప్పుడూ గ్వేహా చెప్పలేదు, అతను నిద్రలో ఉన్నాడు. కూతురు పెద్ద ఓడ మీద వంటమనిషిగా వెళ్ళినప్పుడు రేవులో జనం ఎక్కువై చెప్పలేదు. వీణ్ణి కోర్టు నుంచి తీసుకుపోయినప్పుడు వ్యాను కిటికీకి జాలీ. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా వెళ్ళారు, ఆమె మాత్రం ప్రతిసారీ ఒకేలా నిలబడి ఉండిపోయింది.

ఈసారి నిలబడలేదు. కారు వెనక తలుపు తీసి ఉంది. ఆమె వెళ్ళి లోపల కూర్చుంది.

కారు నడిపేవాడు వెనక్కి చూసి నోరు వెళ్ళబెట్టాడు. "పెద్దమ్మా, ఏంటిది?"

"కూర్చున్నాను."

"ఎక్కడికి?"

"వాడెక్కడికైతే అక్కడికి."

"అమ్మా, దిగు." హోంగ్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పరువు తీస్తున్నావు."

"తీస్తాను. దిగను."

"విందంటే మగాళ్ళ విందు పెద్దమ్మా, సారా, పాటలు..." అని ఒకడు నవ్వబోయాడు.

"మీరు తాగండి, నేను మూల కూర్చుంటాను. ఇన్నేళ్ళు గోడ బయట కూర్చున్నాను, మీ మూల ఒక లెక్కా?"

నలుగురూ చ్వా వైపు చూశారు. చ్వా రోడ్డు అవతల గోడ వంక చూసి చూపు తిప్పుకున్నాడు. "ఇవాళ ముసలావిణ్ణి లాగి దించితే శకునం బాగోదు. పోనివ్వండి. హోటలు దగ్గర దింపి టాక్సీ మాట్లాడదాం" అన్నాడు.

హోంగ్ ఆమె పక్కన కూర్చున్నాడు. ఇంకో పక్క మిగతా ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె కొడుకు మణికట్టు పట్టుకుంది. వాడు విదిలించలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. కారు కదిలింది.

అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. లోపల తాంబూలం వాసన, సెంటు వాసన, ఒళ్ళో సంచిలో పందికొవ్వు వాసన. పెళ్ళైన కొత్తలో మొదటిసారి ఎక్కినప్పటి నుంచీ గ్వేహాకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. అందుకే ఎప్పుడూ బస్సులో కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఇప్పుడు పక్కన కిటికీ లేదు. ఆమె పళ్ళు బిగబట్టింది. కక్కితే కారు ఆపుతారు. ఆపితే దించుతారు. దించితే వెళ్ళిపోతారు. నోట్లోకి వచ్చినదాన్ని మింగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ మింగింది. నుదుటి నుంచి చెమట కళ్ళలోకి కారుతోంది. తమ ఇంటి వైపు మలుపు వచ్చింది, కారు తిరగకుండా రేవు వైపు పోయింది. ఆమె వాడి మణికట్టును ఇంకా గట్టిగా పట్టుకుంది.

హోంగ్ ఆమె చేతి వంక చూశాడు. తర్వాత ముఖం వంక చూశాడు.

"ఆపు" అన్నాడు.

"ఆపొద్దు" అంది గ్వేహా పళ్ళ మధ్య నుంచి. "నాకేం కాలేదు. ఆపొద్దు."

"అన్నా, కారు ఆపమను. అమ్మకు కార్లు పడవు."

కారు రోడ్డు పక్కకు జరిగి ఆగింది. హోంగ్ ఆమెను చంకల కింద పట్టుకుని దింపాడు. సంచి జారి గడ్డిలో పడింది. ఆమె వంగింది. వాడు ఒక చేత్తో ఆమె నుదురు పట్టుకుని, ఇంకో చేత్తో వీపు మీద మెల్లిగా రాశాడు. చిన్నప్పుడు జ్వరాల్లో తను వాడికి పట్టినట్టే. కక్కుతూనే ఆమె ఏడ్చింది. ఏడుస్తూనే వాడి చొక్కా అంచును పిడికిట్లో పట్టుకుంది.

"వెళ్ళకురా."

"ముందు కక్కు. మాట్లాడకు."

వెనక కారు ఇంజను ఆపలేదు. తలుపు తెరిచే ఉంది. హారను ఒకసారి మోగింది. హోంగ్ కదల్లేదు. ఆమె మళ్ళీ వంగింది, కడుపులో ఇంకేమీ లేకపోయినా. వాడి అరచెయ్యి చల్లగా, గరుగ్గా నుదుటికి ఆనుకుని ఉంది.

హారను ఇంకోసారి, ఈసారి ఎక్కువసేపు మోగింది. ఆ చెయ్యి ఇంకా అక్కడే ఉంది.